టీమ్స్‌లో పసుపు చుక్క పడితే పని ఆగినట్టేనా? ఇళ్ల నుంచి పనిచేసే టీమ్‌కి స్టేటస్ సెట్టింగ్స్

పెన్నా_గట్టు (నెల్లూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది 14 మంది సపోర్ట్ టీమ్. ఐదుగురు నెల్లూరు టౌన్‌లో, నలుగురు కావలిలో, ముగ్గురు ఒంగోలులో, ఇద్దరు చీమకుర్తిలో ఉండి ఇళ్ల నుంచే పనిచేస్తారు. క్లయింటు అమెరికా తూర్పు తీరం, కాబట్టి షిఫ్టు సాయంత్రం 6:30కి మొదలై తెల్లవారుజామున 3:30 దాకా నడుస్తుంది. లోపల మాట్లాడుకునేది మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో, క్లయింటుతో మాత్రం స్లాక్‌లో (రెండూ చాట్, కాల్ యాప్‌లే). ల్యాప్‌టాప్‌లన్నీ కంపెనీవే, విండోస్ 11.

పేరు పక్కన కనపడే ఈ స్టేటస్ చుక్కల దగ్గర రోజూ మాటామాటా వస్తోంది. లాగ్ ఫైల్ చదువుతూనో, కాగితం మీద ఏదో గీసుకుంటూనో మౌస్ ముట్టుకోకపోతే ఐదు నిమిషాల్లో పసుపు. కరెంటు పోయిందంటే సగం మంది ఒక్కసారే పసుపో బూడిదరంగో అయిపోతారు, ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉన్నా సరే. ఒకరికి మీటింగ్ ఒక్కటీ లేకుండా పొద్దస్తమానం ఎరుపే. స్లాక్‌లో అయితే అందరూ పచ్చగానే కనపడతారు గానీ, రాత్రి 10 దాటాక క్లయింటు పెట్టిన మెసేజ్‌కి సౌండ్ రాదు. అందులో కొన్ని షిఫ్టు అయిపోయాక గానీ చూసుకోవడం లేదు.

ఇప్పుడు పైవాళ్లు ఎవరు ఎన్ని నిమిషాలు పసుపులో ఉన్నారో ఎక్సెల్‌లో రాయమంటున్నారు. టీమ్‌లో కొందరు మౌస్ జిగ్లర్ (మౌస్‌ని దానంతటదే కదిలించే పరికరం) కొనుక్కుంటామంటున్నారు. రెండూ నాకు సబబుగా లేవు. కానీ కాదని చెప్పాలంటే కారణం గట్టిగా చూపించాలి కదా. ఏది ఎందుకు జరుగుతుందో, ఎక్కడ సరిచేయాలో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఒంగోలు_డెస్క్‌టాప్_సపోర్ట్

పెన్నా_గట్టు గారూ, ముందు ఒకటి తేల్చుకుందాం. ఆ చుక్క మనిషిని చూడదు, మెషీన్‌ని చూస్తుంది. సిస్టమ్ లాక్ అయినా, స్లీప్‌లోకి పోయినా, ఐదు నిమిషాలు కీబోర్డు, మౌస్ కదలకపోయినా టీమ్స్ దాన్ని ‘అవే’ (సీట్లో లేరు, అంటే పసుపు) అని మారుస్తుంది. ఫోన్‌లో ఇంకా కఠినం: యాప్ స్క్రీన్ మీద తెరిచి ఉన్నంతసేపే పచ్చ, వాట్సాప్ తెరిచినా వెనక్కి పోయినట్టే లెక్క. కాగితం మీద సర్క్యూట్ గీసేవాళ్లు, ఫోన్‌లో వెండర్‌తో మాట్లాడేవాళ్లు పసుపు కావడం తప్పు కాదు, అది చేయాల్సిన పనే చేస్తోంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒకే మనిషి ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో, బ్రౌజర్‌లో లాగిన్ అయితే ఒక్కొక్కటీ ఒక్కో సెషన్. ఆ సెషన్లన్నీ కలిపి బయటికి ఒక్క చుక్క చూపించేటప్పుడు వరస ఇది: అన్నిటికంటే పైన డూ నాట్ డిస్టర్బ్, తర్వాత బిజీ (రెండూ ఎరుపు), తర్వాత అవైలబుల్ (పచ్చ), చివర అవే. కాబట్టి ఫోన్ పసుపులో ఉన్నా ల్యాప్‌టాప్ పచ్చగా ఉంటే పచ్చే కనపడుతుంది. కానీ మనిషి తన చేత్తో పెట్టుకున్న స్టేటస్ ఈ వరస మొత్తానికీ పైన ఉంటుంది. ఎప్పుడో ఫోన్‌లో డూ నాట్ డిస్టర్బ్ నొక్కి మర్చిపోతే, ల్యాప్‌టాప్‌లో ఎంత పని చేసినా ఎరుపే.

చేత్తో పెట్టిన స్టేటస్‌కి గడువు ఉంది. బిజీ, డూ నాట్ డిస్టర్బ్ అయితే ఒక రోజు, మిగిలినవి 7 రోజులు. ‘బీ రైట్ బ్యాక్’ పెట్టి టీకి వెళ్లి వచ్చి మార్చకపోతే వారం దాకా అట్టాగే ఉండిపోతుంది. అందుకే ప్రొఫైల్ బొమ్మ నొక్కి స్టేటస్ మార్చేటప్పుడు నేరుగా రంగు ఎంచుకోవద్దు, ‘డ్యూరేషన్’ లోకి వెళ్లి 30 నిమిషాలో గంటో పెట్టమనండి. గడువు కాగానే దానంతటదే ఆటోమేటిక్‌కి వస్తుంది.

రోజంతా ఎరుపున్న మనిషి విషయానికి వస్తే, ఈ వరసలో చూడండి. మొదట ప్రొఫైల్ బొమ్మ నొక్కి ‘రీసెట్ స్టేటస్’. పోకపోతే ఔట్‌లుక్ క్యాలెండర్ తెరవండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు: ఎవరి లీవో గుర్తుండాలని, పుట్టినరోజు అని, రిలీజ్ డేట్ అని పూర్తిరోజు ఐటమ్ ఒకటి ఉంటుంది, దానికి ‘షో యాజ్’ దగ్గర ‘బిజీ’ అని ఉంటుంది. టీమ్స్ దాన్ని చదివి మీటింగ్‌లో ఉన్నాడని చూపిస్తుంది. దాన్ని ‘ఫ్రీ’ అని మార్చి సేవ్ చేసి కాసేపు ఆగండి. ఫోకస్ టైమ్ బుక్ చేసే వైవా ఇన్‌సైట్స్ ప్లాన్ ఆన్‌లో ఉన్నా రోజూ ఆ గంటలు డూ నాట్ డిస్టర్బ్ అవుతాయి, అదీ క్యాలెండర్‌లోనే కనపడుతుంది. ఈ రెండూ కాకపోతే పాత ఫోన్, ట్యాబ్ ఏదైనా ఇంకా లాగిన్‌లో ఉందేమో చూసి సైన్ అవుట్ చేయించండి. చివరి మందు: విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ పక్కన మూడు చుక్కలు, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, రీసెట్. మళ్లీ లాగిన్ అడుగుతుంది, చాట్‌లు ఎక్కడికీ పోవు, అవి సర్వర్‌లో ఉంటాయి.

రిమోట్ డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఉంటే టీమ్స్ ఎక్కడ నడుస్తుందో అడగండి. టీమ్స్ సొంత ల్యాప్‌టాప్‌లో ఉండి, పని రిమోట్ విండోలో చేస్తే ఇబ్బంది లేదు, మౌస్ కదలిక ల్యాప్‌టాప్‌కి తెలుస్తుంది. టీమ్స్ రిమోట్ మెషీన్ లోపల ఉండి, మనిషి బయట ఎక్సెల్‌లో గంటసేపు పనిచేస్తే లోపలి టీమ్స్‌కి ఆ కదలిక అందదు. ఆ మనిషి ఎప్పుడూ పసుపే.

చేత్తో ‘అవైలబుల్’ నొక్కితే సరిపోద్ది కదా అంటారు కొందరు. సరిపోదు. సిస్టమ్ లాక్ అవగానే అది కూడా పసుపుకి పోద్ది.

సింగరాయకొండ_ఫైబర్

కరెంటు సంగతి నేను చెప్తాను. ఇది రెండు సమస్యలు, ఒకటి అనుకుని వెతికితే దొరకదు.

మొదటిది ల్యాప్‌టాప్‌లోనే ఉంది. విండోస్‌లో స్క్రీన్ ఆఫ్, స్లీప్ టైమింగులు ఛార్జర్ మీద ఒకటి, బ్యాటరీ మీద వేరొకటి. కరెంటు పోయిన క్షణం నుంచి బ్యాటరీ టైమింగ్ అమల్లోకి వస్తుంది, అది 3 నిమిషాలే ఉండొచ్చు. మనిషి ఫ్యాన్ ఆగిందని లేచి కిటికీ తీసి వచ్చేలోపు మెషీన్ నిద్రపోయి ఉంటుంది, నెట్ కూడా దానితోపాటే తెగిపోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ, స్క్రీన్ స్లీప్ టైమవుట్స్ తెరిచి, బ్యాటరీ మీద స్క్రీన్ 10 నిమిషాలు, స్లీప్ 30 నిమిషాలు పెట్టండి. స్క్రీన్ ఆగినా పర్వాలేదు, స్లీప్‌లోకి పోకూడదు. మూత మూస్తే ఏం చేయాలన్నది వేరే సెట్టింగ్, దాన్నీ చూడండి.

నిజంగా స్లీప్ వల్లే అయిందా, నెట్ వల్ల అయిందా అన్నది ఊహించక్కర్లేదు. విండోస్‌లో ఉండే ఈవెంట్ వ్యూయర్‌లో (మెషీన్‌లో ఏది ఎప్పుడు జరిగిందో రాసి ఉండే చోటు) సిస్టమ్ లాగ్ తెరిచి, సోర్స్ కెర్నెల్-పవర్ అని ఫిల్టర్ పెట్టండి. 42 అంటే నిద్రలోకి పోయింది, 107 అంటే లేచింది. మోడర్న్ స్టాండ్‌బై (కొత్త రకం స్లీప్) ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో 506, 507 ఉంటాయి. చుక్క మారిన టైమ్‌తో ఇవి కలిస్తే తప్పు స్లీప్‌ది, కలవకపోతే నెట్‌ది.

రెండోది రౌటర్. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా రౌటర్ రీస్టార్ట్ అవుతుందంటే ఇన్వర్టర్ వెనకో ముందో ఉండే స్విచ్ ‘నార్మల్’ మోడ్‌లో ఉన్నట్టు. ‘యూపీఎస్’ మోడ్‌లో పెడితే మారే టైమ్ బాగా తగ్గుతుంది, రౌటర్‌కి తెలియదు. నార్మల్‌లో ఆ రెప్పపాటు ఖాళీకే రౌటర్ ఆగి మళ్లీ లేస్తుంది. లేవడానికి రెండు మూడు నిమిషాలు, ఆపైన లైన్ లాగిన్, ఆపైన కంపెనీ వీపీఎన్. ఈలోపు టీమ్స్‌లో బూడిదరంగు (ఆఫ్‌లైన్) పడిపోతుంది. ఒక హెచ్చరిక: యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ పరిధి తక్కువ. లో వోల్టేజీ ఎక్కువగా ఉండే వీధుల్లో ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీ మీదకి పోతుంది. అట్లాంటి చోట ఇన్వర్టర్‌ని నార్మల్‌లోనే ఉంచి రౌటర్‌కి విడిగా చిన్న డీసీ యూపీఎస్ (రౌటర్‌కి నేరుగా తగిలించే బ్యాటరీ డబ్బా) పెట్టడం మేలు.

ఆ డీసీ యూపీఎస్ కొనేటప్పుడు ఎక్కువమంది పొరపాటు చేసేది ఆంపియర్ల దగ్గర. రౌటర్ అడాప్టర్ మీద అవుట్‌పుట్ చదవండి. 12 వోల్టులు 1 ఆంపియర్ అని ఉంటే అదే సరిపోతుంది. 12 వోల్టులు 2 ఆంపియర్లు అని ఉన్నదానికి 1 ఆంపియర్ యూపీఎస్ తగిలిస్తే మామూలప్పుడు నడుస్తుంది, నలుగురు వైఫై వాడగానే రీస్టార్ట్ అవుతుంది. ఫైబర్ బాక్స్ ఒకటి, రౌటర్ ఇంకొకటి విడివిడిగా ఉంటే రెండింటి ఆంపియర్లూ కలపాలి. పిన్ను కూడా చూడాలి, 5.5 మిల్లీమీటర్ల పిన్నుల్లోనే లోపలి రంధ్రం 2.1 ఒకటి, 2.5 ఒకటి ఉంటాయి. వదులుగా ఉంటే టేబుల్ కదిలినప్పుడల్లా లైన్ పోతుంది.

ఎంతసేపు వస్తుందన్నది లెక్క కట్టుకోవచ్చు. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటే అది మామూలుగా 3.7 వోల్టుల సెల్ లెక్క, అంటే 37 వాట్-అవర్లు. 12 వోల్టులకి పెంచడంలో కొంత పోయి 30 చేతికొస్తుంది అనుకోండి. ఫైబర్ బాక్స్, రౌటర్ కలిపి 10 వాట్లు తింటే మూడు గంటలు. అదే సైజు డబ్బాకి ఎనిమిది గంటలు అని ఎవరన్నా చెబితే, ఎంత లోడు మీద అని అడగండి.

రౌటర్ వెలుగుతున్నా నెట్ లేకపోతే లైట్లు చూడండి. లాస్ (LOS) లైటు ఎర్రగా ఉంటే ఫైబర్ తెగింది, లేదా అవతల ఆపరేటర్ దగ్గర కరెంటు పోయింది. పాన్ (PON) లైటు నిలకడగా ఉండి నెట్ రాకపోతే లాగిన్ సమస్య. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం వస్తే మన తీరంలో లైన్ తెగడం మామూలే. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ తప్పదు, అదీ ఇంటి ఫైబర్ ఏ కంపెనీదో ఆ కంపెనీ సిమ్ కాకుండా వేరేది అయితే మంచిది. వీడియో ఆపేసి మాట మాత్రమే అయితే టీమ్స్ కాల్‌కి అటు 58, ఇటు 58 కిలోబిట్లు చాలు. అంటే గంటకి 50 ఎంబీ పైచిలుకు. డేటా అయిపోతుందని భయపడి కాల్ మానాల్సిన పని లేదు.

పెన్నా_గట్టు (నెల్లూరు)

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. ఎరుపున్న ల్యాప్‌టాప్ క్యాలెండర్‌లో ‘ఆడిట్ వీక్’ అని పూర్తిరోజు ఐటమ్ ఉంది, దాన్ని ఫ్రీ చేస్తే ఎరుపు పోయింది. మూడు ల్యాప్‌టాప్‌లలో 506 ఈవెంట్లు సరిగ్గా కరెంటు పోయిన టైమ్‌కే ఉన్నాయి. కానీ వాటిలో ఒకదానిలో స్లీప్ సెట్టింగ్ బూడిదగా ఉండి మార్చనివ్వడం లేదు. స్లాక్ సంగతి ఇంకా మిగిలింది.

ఒంగోలు_డెస్క్‌టాప్_సపోర్ట్

బూడిదగా ఉందంటే కంపెనీ పాలసీ బిగించి ఉంది. దాన్ని పక్కదారిన మార్చొద్దు. ఐటీకి టికెట్ (ఫిర్యాదు) పెట్టి రెండు విషయాలు విడదీసి అడగండి. లాక్ టైమ్‌ని ముట్టుకోమని అడగొద్దు, అది సెక్యూరిటీ వాళ్లది, పెంచరు, పెంచకూడదు కూడా. బ్యాటరీ మీద స్లీప్ టైమ్ ఒక్కటే పెంచమని అడగండి. ఈవెంట్ లాగ్ స్క్రీన్‌షాట్, కరెంటు పోయిన టైమ్ జతచేస్తే ఒప్పుకోడానికి వాళ్ల దగ్గరా ఆధారం ఉంటుంది.

కావలి_నైట్‌షిఫ్ట్

స్లాక్ లెక్క వేరు. కంప్యూటర్‌లో 10 నిమిషాలు కదలిక లేకపోతే అవే. డెస్క్‌టాప్ యాప్ అయితే మొత్తం సిస్టమ్ కదలిక చూస్తుంది, బ్రౌజర్‌లో అయితే బ్రౌజర్ కదలికే చూస్తుంది. బ్రౌజర్‌లో స్లాక్ పెట్టుకుని ఇంకెక్కడో కోడ్ రాసేవాళ్లు అవే అయిపోతారు. వాళ్లకి డెస్క్‌టాప్ యాప్ వేయించండి, సగం గొడవ పోద్ది. స్లాక్‌లో అవే అని చేత్తో పెట్టుకోవచ్చు గానీ, ఎప్పుడూ యాక్టివ్ అని పెట్టుకునే వీలు లేదు. వేరే యాప్‌లు స్లాక్‌తో మాట్లాడే దారి, అంటే ఏపీఐలో కూడా ‘ఆటో’, ‘అవే’ రెండే ఉన్నాయి. నిండు పచ్చ గుండ్రం యాక్టివ్, ఖాళీ గుండ్రం అవే, పక్కన చిన్న జెడ్ అక్షరం ఉంటే నోటిఫికేషన్లు ఆపి ఉన్నాయని.

ఆ జెడ్ అక్షరమే మీ సమస్య. స్లాక్‌లో రాత్రి 10 నుంచి ఉదయం 8 దాకా నోటిఫికేషన్లు ఆపే షెడ్యూలు మొదటి నుంచీ పెట్టి వస్తుంది, అడ్మిన్ మార్చకపోతే అదే ఉంటుంది. పగలు పనిచేసేవాళ్లకి అది వరం. 6:30కి షిఫ్టు ఎక్కేవాళ్లకి మాత్రం మూడున్నర గంటలు కాగానే నోరు నొక్కేసినట్టు. చుక్క పచ్చగానే ఉంటుంది, మెసేజ్ వస్తుంది, సౌండ్ రాదు. అవతలివాళ్లు పచ్చ చూసి ‘ఉన్నాడు, పలకడం లేదు’ అనుకుంటారు. చుక్క వేరు, నోటిఫికేషన్ వేరు అన్నది టీమ్‌లో ప్రతి ఒక్కరికీ తెలియాలి.

సరిచేసేది ఇలా. ప్రిఫరెన్సెస్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్లి షెడ్యూల్ తెరవండి. రాత్రి షిఫ్టు వాళ్లు ఆ షెడ్యూల్‌ని పూర్తిగా ఆపేసి, షిఫ్టు దిగేటప్పుడు చేత్తో ఆపుకోవడం మంచిది. మెసేజ్ పెట్టే చోట ‘/dnd for 12 hours’ అని ఇస్తే 12 గంటలు నిశ్శబ్దం. తెల్లవారుజామున 3:30కి ఇస్తే మధ్యాహ్నం 3:30 దాకా నిద్రకి అడ్డు రాదు.

షెడ్యూల్ ఆపకుండా ‘వీక్‌డేస్’ అని ఉంచుకునేవాళ్లకి ఒక గుంట ఉంది. శుక్రవారం షిఫ్టులో రాత్రి 12 దాటగానే మనకి శనివారం. అమెరికాలో అప్పుడు శుక్రవారం మధ్యాహ్నం, క్లయింటు వారం ముగించే హడావిడిలో ఉంటాడు. మన స్లాక్ మాత్రం వీకెండ్ అని మూగబోతుంది. టీమ్స్ ఫోన్ యాప్‌లో ‘క్వైట్ టైమ్’ ఉంది కదా, దాంట్లో శనివారం మొత్తం నిశ్శబ్దం అని పెట్టినా ఇదే జరుగుద్ది. శుక్రవారం రాత్రి మెసేజ్‌లే ఎక్కువ తప్పిపోతున్నాయంటే ముందు ఇక్కడ చూడండి.

ఇంకొకటి టైమ్ జోన్. స్లాక్‌లో భాష, ప్రాంతం సెట్టింగ్‌లో టైమ్ జోన్ ఆటోమేటిక్ అని ఉంటుంది. ల్యాప్‌టాప్ అమెరికా టైమ్‌లో సెట్ అయి వస్తే, షెడ్యూలూ ఆ టైమ్ ప్రకారమే నడుస్తుంది, ప్రొఫైల్‌లో కనపడే లోకల్ టైమ్ కూడా తప్పుతుంది. అమెరికాలో గడియారం మార్చినప్పుడు కూడా గుర్తుంచుకోండి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్ల ఉదయం 9 మనకి సాయంత్రం 6:30, మిగతా నెలల్లో 7:30. స్టేటస్‌లో ‘ఫలానా టైమ్ దాకా’ అని రాసేటప్పుడు ఎవరి టైమో కూడా రాయాలి. నవంబరు మొదటి వారంలో గంట తేడాతో జరిగే గందరగోళానికి మందు అదొక్కటే.

నోటిఫికేషన్ ఫోన్‌కి ఎప్పుడు పంపాలన్నది కూడా మార్చుకోండి. డెస్క్‌టాప్‌లో కదలిక ఆగిన ఎన్ని నిమిషాలకి ఫోన్ మోగాలో స్లాక్ అడుగుతుంది. అది ఎక్కువ పెడితే టీకి లేచిన మనిషికి కబురు అందదు. కదలిక ఆగగానే అని పెట్టుకుంటే పసుపో ఖాళీ గుండ్రమో ఏదున్నా మనిషికి కబురు అందుతుంది. అసలు కావాల్సింది అదే కదా.

దర్గామిట్ట_డెలివరీ

ఎక్సెల్ మాట మాట్లాడదాం, ఎందుకంటే ఇందులో నిజంగా మనుషులకి నష్టం జరిగేది అక్కడే.

పసుపు నిమిషాలు కొలిస్తే ఏం కొలుస్తున్నట్టు? పైన ఒంగోలు అన్న చెప్పినదాని ప్రకారం అది మౌస్ కదలని నిమిషాల లెక్క. రెండు పేజీల రిక్వైర్‌మెంట్ శ్రద్ధగా చదివేవాడికి పసుపు వస్తుంది, ఊరికే స్క్రోల్ చేస్తూ కూర్చున్నవాడికి పచ్చ ఉంటుంది. ఆ ఎక్సెల్ మొదటి నెలలోనే చదవడం మాన్పించి, స్క్రోల్ చేయడం నేర్పుతుంది. చీమకుర్తిలో కరెంటు ఎక్కువ పోతే అక్కడివాళ్ల వరసలు ఎర్రబడతాయి, పని ఎంత బాగా చేసినా సరే. అంటే ఊరిని బట్టి మార్కులు వేసినట్టు.

పైవాళ్లతో మాట్లాడేటప్పుడు ‘నమ్మకం’ అనే మాటతో మొదలుపెట్టకండి, వాదన అటూ ఇటూ పోతుంది. కొలత తప్పు అని చూపించండి. ఒక్క షిఫ్టు తీసుకోండి. ఎవరు ఎన్ని టికెట్లు ఎత్తుకున్నారు, మొదటి జవాబుకి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని మూసేశారు అన్నది టికెట్ సిస్టమ్ నుంచి తీయండి. దాని పక్కన ఆ షిఫ్టు పసుపు నిమిషాలు పెట్టండి. రెండు వరసలకీ పొంతన లేదని కాగితమే చెబుతుంది. సపోర్ట్ టీమ్‌కి మొదటి జవాబు టైమ్ కంటే నిజమైన కొలత లేదు, క్లయింటు డబ్బు ఇచ్చేది దానికే.

జిగ్లర్ వద్దని టీమ్‌కి గట్టిగా చెప్పండి. యూఎస్‌బీలో పెట్టేది అయితే కొత్త మౌస్‌లాగో కీబోర్డులాగో సిస్టమ్‌లో నమోదు అవుతుంది, కంపెనీ ల్యాప్‌టాప్‌లలో ఏ పరికరం ఎప్పుడు తగిలించారో ఐటీ చూడగలదు. సాఫ్ట్‌వేర్ అయితే అనుమతి లేని ప్రోగ్రామ్ కింద వస్తుంది. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, పని చేస్తున్నట్టు కనపడడానికి కీబోర్డు కదలికలు సృష్టించారన్న ఆరోపణల మీద విచారణ జరిపి డజనుకి పైగా ఉద్యోగులను తీసేసింది. మనిషి ఎంత బాగా పనిచేసినా, ఉద్యోగం పోయేది ఆ పరికరం వల్ల. పైగా అది స్క్రీన్ లాక్ కాకుండా ఆపుతుంది, మనిషి లేనప్పుడు క్లయింటు డేటా తెరిచి ఉంటుంది. ఇళ్లల్లో పిల్లలు, చుట్టాలు తిరిగే చోట అది చిన్న విషయం కాదు.

అయితే చుక్కతో ఏం పని? ‘ఇప్పుడు పిలిస్తే అడ్డు తగులుతానా’ అన్న ఒక్క ప్రశ్నకి అది పనికొస్తుంది. అంతవరకే వాడితే మంచి పరికరం. మిగతాది మాటల్లో చెప్పాలి. టీమ్స్‌లో స్టేటస్ మెసేజ్‌కి 280 అక్షరాలు, స్లాక్‌లో 100. మూడు ముక్కలు చాలు: ఏం చేస్తున్నా, ఎప్పటిదాకా, అర్జెంటైతే ఎవరు. ‘లాగ్స్ చదువుతున్నా, ఐఎస్‌టీ 9:15 దాకా. ప్రొడక్షన్ సమస్య అయితే కాల్ చేయండి’ అన్నంత చాలు, క్లయింటు చూసే స్లాక్‌లో ఇదే ఇంగ్లీషులో. టీమ్స్‌లో ‘ఎవరైనా మెసేజ్ చేసేటప్పుడు చూపించు’ అనే టిక్ పెడితే, చాట్‌లో టైప్ చేసే చోటే అవతలివాళ్లకి అది కనపడుతుంది. అది పెట్టకపోతే ఎవరూ చదవరు. ‘క్లియర్ ఆఫ్టర్’ తప్పకుండా పెట్టాలి. నిన్నటి స్టేటస్ ఇవాళ కనపడిందంటే రేపటి నుంచి ఎవరూ దాన్ని నమ్మరు, ఈ పద్ధతి మొత్తం చచ్చేది అక్కడే.

టీమ్‌లో రాసుకోవాల్సిన ఒప్పందం పెద్దది అక్కర్లేదు. చాట్‌కి 30 నిమిషాల్లో జవాబు, చుక్క ఏ రంగైనా. అంతకంటే తొందరైతే కాల్. పసుపు ఉందని కాల్ చేయడానికి జంకొద్దు, డూ నాట్ డిస్టర్బ్ ఉంటే మాత్రం లీడ్‌ని అడగాలి. లీడ్‌గా మీ పేరుని ప్రతి ఒక్కరి టీమ్స్‌లో సెట్టింగ్స్, ప్రైవసీలో ప్రయారిటీ యాక్సెస్ లిస్టులో చేర్పించండి. అప్పుడు వాళ్లు డూ నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా మీ కాల్, మెసేజ్ మోగుతాయి. కరెంటు పోతే ఫోన్ నుంచి గ్రూపులో ఒక్క ముక్క: ‘కరెంటు లేదు, హాట్‌స్పాట్ మీద ఉన్నా’ లేదా ‘నెట్ కూడా లేదు, కాల్ చేయండి’. ఆ రెండింటికీ తేడా ఉంది. మొదటివాడికి టికెట్ ఇవ్వొచ్చు, రెండోవాడికి ఇవ్వకూడదు.

టంగుటూరు_మేనేజర్

అన్నీ బాగున్నాయండీ, కానీ మేనేజర్ వైపు నుంచి ఒక మాట. 14 మందిలో ఒకరు రోజూ రెండు గంటలు కనపడకపోతే తెలియడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. టీమ్స్ అడ్మిన్ దగ్గర రిపోర్టు ఉంటుందంటారు, అది తీసుకుంటే తప్పేంటి?

ఒంగోలు_డెస్క్‌టాప్_సపోర్ట్

మీ అవసరం న్యాయమైనదే సార్. కానీ ఆ రిపోర్టు మీరు అనుకునేది కాదు. టీమ్స్ అడ్మిన్ సెంటర్‌లో యూజర్ యాక్టివిటీ రిపోర్టు ఎన్ని మెసేజ్‌లు, ఎన్ని కాల్స్, ఎన్ని మీటింగులు అన్నదే చెబుతుంది. ఎవరు ఎంతసేపు ఏ రంగులో ఉన్నారన్న చరిత్ర అందులో లేదు.

కావాలంటే మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ ఏపీఐతో ప్రోగ్రామ్ రాసి, అందరి స్టేటస్ నిమిషానికోసారి అడిగి దాచుకోవచ్చు. ఒక్కసారికి 650 మంది దాకా అడగొచ్చు. అప్పుడు కూడా దొరికేది ఆ క్షణం ఏ రంగు అన్నది మాత్రమే, ఎందుకు అన్నది రాదు. లాక్ వల్ల పసుపా, కరెంటు వల్లా, ఫోన్‌లో ఉన్నాడా అన్నది దాంట్లో ఉండదు. పైగా అదే ఏపీఐతో స్టేటస్ పెట్టే వీలు కూడా ఉంది. ఒక యాప్ తన సెషన్‌కి 5 నిమిషాల నుంచి 4 గంటల దాకా స్టేటస్ పెట్టగలదు. కాల్ సెంటర్ సాఫ్ట్‌వేర్ ఏదైనా టీమ్స్‌తో కలిపి ఉంటే, మీరు చూసే పచ్చ మనిషిదో ఆ సాఫ్ట్‌వేర్‌దో బయటికి తెలియదు. అట్లాంటి లెక్క మీద ఒకరి జీతం గురించి మాట్లాడడం సరికాదు.

రెండు గంటలు కనపడని మనిషి గురించి తెలియాలంటే 30 నిమిషాల జవాబు నియమం చాలు. దాన్ని మూడుసార్లు దాటితే నేరుగా కూర్చోబెట్టి మాట్లాడండి. టికెట్లో టైమ్ పడి ఉంటుంది, దాన్ని ఎవరూ కాదనలేరు.

టంగుటూరు_మేనేజర్

సెషన్ సంగతి నాకు తెలియదండీ. అయితే టికెట్ టైమ్ మీదే పోతాం.

పెన్నా_గట్టు (నెల్లూరు)

దర్గామిట్ట గారు చెప్పినట్టు టికెట్లు, పసుపు నిమిషాలు పక్కపక్కన పెట్టి ఒక షిఫ్టు షీటు తయారుచేసి పైకి పంపుతాను. చివరిగా ఒక చిన్న సందేహం. టీమ్‌లో ఒకరికి ఎరుపు, పచ్చ సరిగ్గా తేడా తెలియదు. వాళ్లకి ఎట్టా?

కావలి_నైట్‌షిఫ్ట్

రంగు చూడొద్దని చెప్పండి, లోపలి గుర్తు చూడమనండి. టీమ్స్‌లో అవైలబుల్‌కి గుండ్రంలో టిక్ ఉంటుంది. బిజీ అయితే గుర్తు ఏమీ లేని నిండు గుండ్రం. డూ నాట్ డిస్టర్బ్‌కి మధ్యలో అడ్డగీత. అవేకి గడియారం, ఆఫ్‌లైన్‌కి ఇంటూ గుర్తు, లీవులో ఉంటే బాణం. బిజీ, డూ నాట్ డిస్టర్బ్ రెండూ ఎరుపే కాబట్టి రంగు బాగా కనపడేవాళ్లకి కూడా ఆ అడ్డగీతే దారి. గుర్తు చిన్నగా కనపడితే మౌస్‌ని పేరు మీద ఉంచితే కార్డు తెరుచుకుని స్టేటస్ మాటల్లో వస్తుంది. గ్రూపులో రాసేటప్పుడు ‘ఎరుపులో ఉన్నాడు’ అనకుండా ‘బిజీ అని ఉంది’ అని రాయడం అలవాటు చేస్తే వాళ్లకి ఇంకా సులువు.